పచ్చళ్ళ గదిలో సర్వరు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: పెద్దనాన్న, పెద్దమ్మ, నాయనమ్మ, గంగాధర్ అన్నయ్య, కొత్తగా వచ్చిన సర్వరు. నేనూ ఉన్నాను గానీ నన్ను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది అప్పటికింకా తేలలేదు. సాయంత్రం ప్రారంభోత్సవానికి వైకుంఠరావు గారూ, వాళ్ళావిడా రావలసి ఉంది.

తొమ్మిదో తరగతి పరీక్షలు కాగానే నాన్న నన్ను తీసుకొచ్చి తాడేపల్లిగూడెంలో పెద్దనాన్నగారింట్లో దింపి వెళ్ళాడు. సెలవుల్లో ఇక్కడుంటే నలుగురిలో మాట్లాడ్డం అలవాటవుతుందని నాన్న నమ్మకం. మా ఊరి హైస్కూల్లో హాజరు పలకడానికి కూడా నాకు గొంతు పెగలదు. మాస్టారు "వినీలా" అని పిలిచి, తలెత్తి చూసి, ఉన్నానని ఆయనే రాసుకుంటారు.

పెద్దనాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు షుగరు లేదు, బీపీ లేదు, ఫైలు లేదు. మొదటి రెండూ లేనందుకు డాక్టరు మెచ్చుకున్నాడు. మూడోది లేనందుకు పెద్దనాన్న రోజురోజుకీ చిక్కిపోతూ వచ్చారు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కుర్చీలో కూర్చుని, తన ముందుకు ఏదైనా వస్తుందేమోనని చూసేవారట. కాఫీ వచ్చేది. దాని మీద సంతకం పెట్టడానికి వీలుండదు.

అటువంటి రోజుల్లో ఒకనాడు పెద్దమ్మకు గ్యాసు బిల్లు కావలసి వచ్చింది. బిల్లు ఫొటో అన్నయ్య ఫోన్లో ఉంది. అన్నయ్య విజయవాడలో ఉన్నాడు, అక్కడ ఏదో నెట్‌వర్కింగ్ కోర్సు చదువుతున్నాడు. ఇంటికొచ్చాక ఆ గొడవంతా విని, "ఇంట్లో ఒక డొమైన్ సర్వర్ పెట్టుకుంటే సరిపోతుంది నాన్నా" అన్నాడు. ఇంట్లో ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ ఒకే పెట్టె చెప్పినట్టు వింటాయి. ఫైళ్ళన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. ఎవరు ఏ ఫైలు చూడొచ్చో, ఎవరు మార్చొచ్చో, ఎవరు తీసెయ్యొచ్చో ఆ పెట్టే చూసుకుంటుంది.

పెద్దనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరు ఏది చూడవలెనో నిర్ణయించు అధికారి ఎవరు?"

"అడ్మినిస్ట్రేటర్ అంటారు నాన్నా. మీరే ఉండండి."

ఆ రోజు పెద్దనాన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నారని పెద్దమ్మ చెప్పింది.

సర్వరుకు చల్లటి, తాళం ఉన్న గది కావాలన్నాడు అన్నయ్య. ఇంట్లో అటువంటి గది ఒక్కటే, పచ్చళ్ళ గది. జాడీలన్నీ అక్కణ్ణుంచి లేచి నాయనమ్మ మంచం కిందికి వెళ్ళాయి. గదిలో ఏసీ పెట్టారు. నల్లటి పెట్టెలో నీలం దీపాలు మినుకుమినుకుమనడం మొదలెట్టాయి.

"ఇన్నేళ్ళూ ఆవకాయ అదే గదిలో ఉంది కదరా. దానికెప్పుడైనా ఏసీ పెట్టావా?" అంది నాయనమ్మ.

"ఆవకాయకు పాస్‌వర్డ్ లేదమ్మా" అన్నారు పెద్దనాన్న. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఆయన మనలాగే మాట్లాడతారు. సర్వరు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం లేచి నిలబడి, పొడిదగ్గు ఒకటి దగ్గి, ఆఫీసు భాషలోకి వెళ్ళిపోతారు.

అందరికీ యూజర్ పేర్లు ఇచ్చారు. పాస్‌వర్డు ప్రతి సోమవారం మార్చుకోవాలి. అందులో దేవుడి పేరు ఉండకూడదు, ఎందుకంటే ఇరుగుపొరుగువాళ్ళు ఇట్టే ఊహించేస్తారు. మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూసుకుపోతుంది. అప్పుడు విచారణ కేంద్రానికి వచ్చి విన్నవించుకోవాలి. విచారణ కేంద్రమంటే వంటింటికీ హాలుకీ మధ్య కూరగిన్నెలు అందించుకునే కిటికీ. హాలు వైపు కుర్చీ వేసుకుని పెద్దనాన్న కూర్చుంటారు. విన్నవించుకునేవాళ్ళు వంటింట్లో నిలబడాలి.

నాకు గెస్టు అని ఇచ్చారు. గెస్టుకు పాస్‌వర్డు ఉండదు. చూడడానికీ మార్చడానికీ ఏమీ ఉండదు కనుక, పోగొట్టుకోవడానికీ ఏమీ ఉండదు.

కొత్త పద్ధతి వల్ల ఇల్లు క్రమంలో పడింది. ఉదాహరణకు వంటల ఫైలు. దాన్ని మొదట తెరిచినప్పుడు పెద్దనాన్న పరీక్ష కోసం "ఉప్మా" అని కొట్టి, అన్ని పూటలకీ అదే వచ్చేలా ఏదో నొక్కారు. ఆ ఫైలు మార్చే అధికారం ఆయనకే ఉంది. చదివే అధికారం పెద్దమ్మకుంది.

"మళ్ళీ ఉప్మానా?" అని ఆయనే అడిగారు ఒక రాత్రి.

"చదవమన్నారు. చదివాను. వండాను" అంది పెద్దమ్మ.

మార్చమని పెద్దమ్మ విన్నవించుకుంటే మారుస్తానని ఆయన, తనంతట తను విన్నవించుకోనని ఆవిడ. ఉప్మా నడుస్తోంది.

ఇక నా సంగతి. మొన్నామధ్య నాయనమ్మా నేనూ మేడ మీద మినప వడియాలు పెట్టాం. కాకులు రాకుండా చూడమని నాయనమ్మ నన్ను కాపలా పెట్టి, తను నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. నాకు మనుషుల ముందు మాట రాదు గానీ నాయనమ్మ ముందు వస్తుంది. వడియాల ముందు ఇంకా బాగా వస్తుంది. తెల్లటి పంచె మీద బారులు తీరి, తలలు గుండ్రంగా పెట్టుకుని, చెప్పింది వినడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకేమైందో తెలియదు. ఆరేసి ఉన్న పెద్దనాన్న లుంగీ చుట్టుకుని, ఆయన పాత కళ్ళజోడు పెట్టుకుని, పొడిదగ్గు దగ్గి, ఆయన గొంతుతో మొదలెట్టాను.

"ఇందుమూలముగా యావన్మంది వడియములకు తెలియజేయడమేమనగా, ఎండుట యందు అలసత్వము వహించిన వడియములపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును. మూడవ వరుసలోని సదరు వడియము అనుమతి లేకయే అతుక్కొనినది. సంజాయిషీ సమర్పించవలెను."

కొబ్బరిచిప్పతో పంచె మీద ఠప్పుమని ముద్ర కూడా వేశాను. తర్వాత పెద్దనాన్న తుమ్మినట్టు తుమ్మాను. ఆయన తుమ్మేముందు చెయ్యెత్తి, అందరినీ ఆగమని సైగ చేసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, అప్పుడు తుమ్ముతారు. నాయనమ్మ పొట్ట పట్టుకుని, "నా తండ్రే! మళ్ళీ ఒక్కసారి తుమ్మవే!" అంది. మళ్ళీ తుమ్మాను.

మెట్ల దగ్గర అన్నయ్య ఫోను పట్టుకుని నిలబడ్డాడని నాకు తెలియదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున, ఉప్మా తింటూ అన్నయ్య చెప్పాడు.

"నీ వీడియో టీవీలో భలే ఆడుతోందే వినీలా. ఒక్కచోట కూడా ఆగట్లేదు."

"ఏ వీడియో?"

"వడియాలది. సర్వర్ని పరీక్షించడానికి పెద్ద వీడియో ఏదైనా కావాలి కదా, ఉమ్మడి ఫోల్డర్లో పడేశాను. సాయంత్రం రిబ్బను కట్ చేశాక టీవీలో మొదట తెరిచేది అదే. నాన్న కార్యక్రమంలో రాసేసుకున్నారు కూడా. 'పరీక్షా దస్త్రము ప్రదర్శన' అని."

"పెద్దనాన్న చూశారా?"

"లేదే. ప్రారంభోత్సవం కాకుండా చూడరాదట."

ఉప్మా నా గొంతులో ఎండని వడియంలా అతుక్కుంది. సాయంత్రం వచ్చే వైకుంఠరావు గారు పెద్దనాన్నకు పాత అధికారి. ఆయన రిటైరై చాలా ఏళ్ళయినా, ఫోను చేస్తే పెద్దనాన్న ఇప్పటికీ నిలబడే మాట్లాడతారు. ఆయన పక్కన కూర్చుని, టీవీ నిండా లుంగీ కట్టుకుని తుమ్ముతున్న నన్ను పెద్దనాన్న చూస్తారు.

"తీసెయ్ అన్నయ్యా. నీకు దండం పెడతాను."

"నాకూ తీసెయ్యాలనే ఉందే. వెనకాల నా నవ్వు కూడా వినిపిస్తోంది. కానీ తీసే అధికారం నాకు లేదుగా!"

అదీ నిజమే. పెద్దనాన్నకు వాట్సాప్‌లో రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు, అంటే గులాబీలూ కాఫీ కప్పులూ, ఆయన భద్రంగా సర్వర్లో దాచుకున్నారు. చెత్త అనుకుని అన్నయ్య వాటిని తీసేశాడు. ఆ రోజు ఇంట్లో విచారణ జరిగింది. అప్పట్నుంచి ఏ ఫైలూ తీసే అధికారం ఎవరికీ లేదు, పెద్దనాన్నకు తప్ప. ఆయన పైన గౌరవార్థం నాయనమ్మను పెట్టారు. "కన్నతల్లి కంటె పైస్థానమున కూర్చొనుట భావ్యము కాదు" అని ఆయనే ప్రకటించారు. కాబట్టి ఇంట్లో అందరికంటే పెద్ద యూజరు నాయనమ్మ. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

"వైరు పీకేద్దాం" అన్నాను.

"ఆ గది తాళంచెవి నాన్న మొలతాడుకి ఉంది. నువ్వెళ్ళి పీకుతావా?"

ఇక మిగిలింది విచారణ కేంద్రం.

వంటింట్లోకి వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాను. పెద్దనాన్న అవతలి వైపు పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి, పేపరు మడిచి, పొడిదగ్గు దగ్గారు.

"మీరెవరు?"

"నేనే పెద్దనాన్నా."

"వినపడునట్లు చెప్పవలెను."

"వినీలని."

"ఏ హోదాలో వచ్చితిరి?"

"గెస్టు."

"విషయము?"

"ఉమ్మడి ఫోల్డర్లో ఒక ఫైలు... తీసెయ్యమని..."

పెద్దనాన్న ముఖం వెలిగింది. పాపం, మొదటి అర్జీ. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"మంచిది. ఆ దస్త్రమును మీరు చూచితిరా?"

"లేదండి. గెస్టుకు కనపడదు కదా."

"చూడని దస్త్రముపై అభ్యంతరము ఎట్లు తెల్పుదురు?"

"చూస్తే తెల్పొచ్చా?"

"చూచినచో, అనుమతి లేకయే చూచినందుకు ముందు మీపై విచారణ జరుగును."

కాసేపు ఇద్దరం ఆలోచించాం. ఆయన నిజంగా నాకు సాయం చెయ్యాలనే చూస్తున్నారు. చివరికి ఒక దారి దొరికింది.

"దస్త్రములో ఏమున్నదో తెలిపినచో, తొలగింపునకు యోగ్యమా కాదా పరిశీలింపవచ్చును. ఏమున్నది?"

నేను కిటికీ అంచు మీద ఎండిపోయిన పప్పు మరకను గోకాను. నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది.

"ఫిర్యాదుదారు మౌనము వహించినందున అర్జీ మూసివేయడమైనది" అన్నారు పెద్దనాన్న. తర్వాత మామూలు గొంతుతో, "ఏమ్మా, ఉప్మా తిన్నావా?" అని అడిగారు.

నాయనమ్మ మంచం మీద కూర్చుని, కింద జాడీల్ని కాలితో సర్దుకుంటోంది. ఆవిడకు చెవిలో అంతా చెప్పాను.

"తుమ్ము కూడా ఉందా అందులో?"

"ఉంది."

"రెండూనా?"

"రెండూ."

"అయితే వాడు చూడకూడదే" అని లేచి నిలబడింది. పెద్ద యూజరు తనేనని చెబితే, "ఆ మాట ముందే చెప్పరేం?" అని కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది.

కానీ నాయనమ్మ ఖాతా ఎప్పుడో మూసుకుపోయింది. ఫోను పదేపదే ఏదో అడుగుతుంటే నోరు మూయించడానికి ఆవిడ అక్కడా ఇక్కడా నొక్కింది. అవే మూడు తప్పులయ్యాయి. తిరిగి తెరవాలంటే రహస్య ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ ప్రశ్నలు అన్నయ్య పెట్టాడు. ఆడవాళ్ళందరికీ సులువుగా ఉంటుందని ఒకటే పెట్టాడు.

పెద్దనాన్న దగ్గారు. "మీరెవరు?"

"నిన్ను కన్నదాన్ని."

"అది నిర్ధారణ కావలెను. భర్త పేరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది.

తాతయ్య పేరు గంగాధరం. ఊళ్ళో అందరికీ తెలుసు. రేషను కార్డు మీద ఉంది, ఇంటి పన్ను రసీదు మీద ఉంది, హాల్లో దండ వేసిన ఫొటో కింద ఉంది. నాయనమ్మ నోటి మీద మాత్రం ఎప్పుడూ లేదు. మొగుడి పేరు పలకకూడదని ఆవిడ పట్టింపు. అన్నయ్యకు తాతయ్య పేరే పెట్టారు కనుక వాణ్ణి కూడా "అబ్బాయ్" అనే పిలుస్తుంది.

"నీకు తెలీదేంట్రా?" అంది నాయనమ్మ.

"నాకు తెలియుట ముఖ్యము కాదు. మీరు పలుకుట ముఖ్యము."

"మీ నాన్న!"

"పేరు."

"అదేరా, నెత్తిన నీళ్ళు పెట్టుకునే ఆయన. శివుడు. ఆయన పేరే."

"కుళాయి దగ్గర అందరు నెత్తిననే నీళ్ళు మోయుదురు. సూచనలు స్వీకరింపబడవు."

"నేను నీ అమ్మనని నీకే రుజువు చెయ్యాలట్రా! పాలిచ్చినప్పుడు అడిగావా ఈ ప్రశ్న?"

"అప్పటికి ఈ నిబంధన అమలులోకి రాలేదు" అన్నారు పెద్దనాన్న చాలా బాధగా. ఆయనకు వాళ్ళమ్మంటే ప్రాణం. అందుకే నిబంధన సడలిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని భయం. చూసేవాళ్ళు మేమే.

నాయనమ్మ నోరు తెరిచింది. నాకోసం నిజంగానే ప్రయత్నించింది. "గ" అనబోయి, నాలిక్కరుచుకుని, చెంపలేసుకుంది. "నావల్ల కాదే తల్లీ. ఆయన పోయాక కూడా అనలేదు. వీడి పెట్టె కోసం అంటానా?"

"భోజన విరామము" అని పెద్దనాన్న కిటికీ తలుపు మూశారు. మరుక్షణం అదే తలుపు తెరిచి చెయ్యి చాపారు. పెద్దమ్మ అందులో ఉప్మా ప్లేటు పెట్టింది.

సాయంత్రం వైకుంఠరావు గారు జరీ కండువాతో వచ్చారు. వాళ్ళావిడ రాగానే సోఫాలో కూర్చుని, "ఏదో దుకాణం అన్నారు, ఎక్కడండీ?" అని అడిగింది. హాల్లో సోఫాల మీద తెల్ల దుప్పట్లు పరిచారు. పచ్చళ్ళ గది గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. వైకుంఠరావు గారు కత్తెర తీసుకునే ముందు, "ఇది ఏ పథకం కింద వచ్చిందయ్యా?" అన్నారు.

"సొంత నిధులండి" అన్నారు పెద్దనాన్న.

"అలాగైతే తనిఖీ ఉండదు. జాగ్రత్త" అని రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దనాన్న మొలతాడుకున్న తాళంచెవితో, కొంచెం ఒంగి, తలుపు తెరిచారు. చల్లగాలితోపాటు పాత ఆవకాయ వాసన హాల్లోకి వచ్చింది.

"ఇప్పుడు ఉమ్మడి దస్త్రముల నుండి ప్రప్రథమ దస్త్రమును గౌరవనీయులైన వైకుంఠరావు గారి సమక్షమున తెరువబోవుచున్నాము."

నేను తలుపు కర్టెను వెనక నిలబడి, బస్సు దొరికితే మా ఊరికి చీకటి పడేలోపు వెళ్ళిపోవచ్చా అని లెక్క వేసుకుంటున్నాను. పెద్దనాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టారు. మళ్ళీ కొట్టారు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ కొట్టారు. ల్యాప్‌టాప్ టింగుమంది.

"నాన్నా, ఇవాళ సోమవారం. మార్చుకోలేదా?" అన్నాడు అన్నయ్య.

"నేనూ మార్చుకోవలెనా?"

"మీరే పెట్టారుగా నిబంధన. అందరికీ అని."

పెద్దనాన్న లేచారు. ఖాతా మూసుకుపోయినవాళ్ళు ఏం చెయ్యాలో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? హాలు దాటి వంటింట్లోకి వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డారు. అవతల కుర్చీ ఖాళీగా ఉంది. కాస్సేపు చూసి, చుట్టూ తిరిగి హాల్లోకి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు.

"మీరెవరు?" అని అడిగారు.

లేచి, తిరిగి వంటింట్లోకి వెళ్ళి, "అడ్మినిస్ట్రేటరునండి" అన్నారు.

"చాలా పద్ధతిగా చేస్తున్నాడు" అన్నారు వైకుంఠరావు గారు వాళ్ళావిడతో.

మళ్ళీ కుర్చీలోకి వచ్చారు. ఆయన రహస్య ప్రశ్న ఏమిటో అన్నయ్య ఫోన్లో చూసి చదివాడు. "భార్య పుట్టినరోజు ఎప్పుడు?"

పెద్దమ్మ స్టౌ కట్టేసి, చేతులు తుడుచుకుని, కిటికీ పక్కకు వచ్చి నిలబడింది. "చెప్పండి. నేనూ వింటాను."

పెద్దనాన్న వంటింట్లోకి చాలా నెమ్మదిగా నడిచారు. "వేసవిలో" అన్నారు. పెద్దమ్మ ముఖం చూసి, "వేసవి దాటాక" అన్నారు.

"డిసెంబరు" అంది పెద్దమ్మ. "మన పెళ్ళయ్యాక ఎన్ని డిసెంబర్లొచ్చాయో అవీ చెప్పమంటారా?"

పెద్దనాన్న చుట్టూ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చెమట తుడుచుకున్నారు. "ఇతరులు అందించిన సమాధానము స్వీకరింపబడదు. క్షమించవలెను" అని ఖాళీ కిటికీకి చెప్పారు. అర్జీ మూసేశారు.

నేను కర్టెను వెనక కళ్ళు మూసుకుని అన్ని దేవుళ్ళకూ దండం పెట్టుకున్నాను. ఇక ఆ వీడియో ఎవరూ తెరవలేరు.

అప్పుడు అన్నయ్య, వీడియోలో తన నవ్వు ఉన్న సంగతే మరిచిపోయి, "పెద్ద యూజరుకు ఒక వీలుంది నాన్నా" అన్నాడు. "నాయనమ్మ ఖాతా మాత్రం సర్వరు దగ్గరే కూర్చుని తెరవొచ్చు. ప్రశ్నకు జవాబు చెబితే చాలు."

అందరూ నాయనమ్మ వైపు తిరిగారు. నాయనమ్మ తాతయ్య ఫొటో వైపు తిరిగింది. "ఆయన్నే అడగండి" అంది.

సంగతి విని వైకుంఠరావు గారు గడ్డం నిమురుకున్నారు. "ఇందులో కష్టమేముందయ్యా? పలకలేనివారి తరఫున ప్రతినిధి పలకవచ్చు. మా రోజుల్లో ఎన్ని ఫైళ్ళు అలా నడిపించలేదు?"

పెద్దనాన్నకు ప్రాణం లేచొచ్చింది. "వెసులుబాటు కలదు! అయితే ప్రతినిధి ఎవరు? ప్రశ్న అడుగువాడను నేను గనుక నేను కారాదు."

"నేను చెబుతా" అన్నాడు అన్నయ్య.

"గులాబీల కేసు ఇంకా పెండింగులో ఉంది. నువ్వు కారాదు."

"నన్ను చూడకండి" అంది పెద్దమ్మ. "మావగారి పేరు నోటితో అంటానా? మీ ఇంటి పద్ధతేగా, మీ అమ్మగారే నేర్పారు."

"నేను బయటివాణ్ణి" అని వైకుంఠరావు గారు తనంతట తనే తప్పుకున్నారు.

పెద్దనాన్న చూపు హాలంతా తిరిగి, కర్టెను కింద కనపడుతున్న నా పాదాల దగ్గర ఆగింది.

"గెస్టు! గెస్టుపై ఇంతవరకు ఏ అభియోగమూ లేదు. రామ్మా వినీలా, ముందుకు రా. అందరికీ వినపడేలా తాతయ్య పేరు చెప్పు."

వచ్చి మధ్యలో నిలబడ్డాను. చెప్పకపోతే చెప్పేదాకా వదలరు. చెబితే సర్వరు తెరుచుకుంటుంది, ఆ తర్వాత వీడియో తెరుచుకుంటుంది. అయినా అదంతా తర్వాతి సంగతి. ముందు గొంతే లేదు. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"వినపడునట్లు" అన్నారు పెద్దనాన్న.

నాయనమ్మ నా పక్కకు వచ్చి, కొంగు సర్దుకుంటున్నట్టు ఒంగి, చెవిలో చెప్పింది. "వడియాలనుకోవే."

తలెత్తి చూశాను. తెల్ల దుప్పటి మీద బారుగా కూర్చున్నారు. వైకుంఠరావు గారి తల నున్నగా, గుండ్రంగా ఉంది. వాళ్ళావిడ పక్కనే కొంచెం చప్పిడిగా పరుచుకుని ఉంది. అన్నయ్య ఇంకా సరిగా ఎండలేదు.

నాకు పొడిదగ్గు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా!" అన్నాను. గొంతు హాలు చివర గోడకు తగిలి తిరిగొచ్చింది. నాదో పెద్దనాన్నదో నాకే తెలియలేదు. "సదరు పెద్ద యూజరు గారి భర్త, కీర్తిశేషులు శ్రీ గంగాధరం గారు. ఈ విషయమున ఎట్టి సందేహములు ఉన్నను, వెంటనే ఎండబెట్టవలెను."

చివరి ముక్క అలవాటు కొద్దీ వచ్చేసింది. కొబ్బరిచిప్ప లేదు గనుక పిడికిలితో టీపాయ్ మీద ఠప్పుమని కొట్టాను. వైకుంఠరావు గారి కాఫీ కప్పు ఎగిరింది.

తాతయ్య పేరు వినగానే నాయనమ్మ తల మీద కొంగు కప్పుకుంది. అన్నయ్య సోఫా వెనక్కి ఒంగి కూర్చుండిపోయాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పెద్దనాన్న నావైపే చూస్తున్నారు. ఆయన చెయ్యెత్తారు. అందరినీ ఆగమని సైగ చేశారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అయిపోయాననుకున్నాను.

తుమ్మారు. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత చక్కటి భాష!" అన్నారు. "ఈ ఇంట్లో ఇన్నాళ్ళకు పద్ధతిగా మాట్లాడే మనిషి దొరికింది. ఎవరు నేర్పారమ్మా?"

"ఏ సెక్షనమ్మా నీది?" అన్నారు వైకుంఠరావు గారు కొంచెం నిటారుగా కూర్చుంటూ.

నన్ను పచ్చళ్ళ గదిలోకి తీసుకెళ్ళి సర్వరు ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. నాయనమ్మకు కళ్ళు ఆనవు కాబట్టి ప్రతినిధే కొత్త పాస్‌వర్డు పెట్టాలి. అన్నయ్య చూపించిన చోట తాతయ్య పేరు కొట్టాను. తెర వెలిగింది. ఇంట్లో ఉన్న ఫైళ్ళన్నీ వరసగా వచ్చాయి. ఉమ్మడి ఫోల్డరు కూడా ఉంది. దాని పక్కనే వంటల ఫైలు.

"పనిలో పనిగా ఆ ఉప్మా కూడా తీసెయ్యవే" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి, పెద్దనాన్నకు వినపడకుండా.

"అందరూ బయటకు రావలెను" అన్నారు పెద్దనాన్న. "పాస్‌వర్డు నిర్ణయించునపుడు లోపల రెండవ మనిషి ఉండరాదు. నిబంధన." అన్నయ్యను చెయ్యి పట్టుకుని బయటకు లాగారు. తను కూడా గుమ్మం దాటారు. తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, అవతల హాల్లో ఖాళీ టీవీ ముందు కూర్చున్న అతిథుల్ని చూపిస్తూ మెల్లగా అడిగారు.

"వీడియో మొదలవడానికి ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?"

నేను మౌసు మీద చెయ్యి వేసి, పొడిదగ్గు దగ్గాను.

"దస్త్రము పరిశీలనలో ఉన్నది. తగు సమయమున తెలియజేయబడును."

"చిత్తమండి" అని పెద్దనాన్న చప్పుడు కాకుండా తలుపు మూశారు.